మందు పడని మూల

"మెడిసిన్ రాలేదటగా?"

నేను బీఎస్సీ జువాలజీలో చేరిన రోజు నుంచి గుంటూరులో నన్ను పలకరించిన ప్రతి మనిషీ మొదట అడిగిన ప్రశ్న ఇదే. బ్రాడీపేటలో ఏ లైనులోకి వెళ్ళినా ఒక కోచింగ్ సెంటరు, దాని పక్కనే ఒక ఆస్పత్రి. సెంటర్లో చేరినవాళ్ళు తిన్నగా పక్క ఆస్పత్రిలో డాక్టర్లుగా తేలాలని ఆ ఊరి లెక్క. దారిలో ఎక్కడో తప్పిపోయినవాళ్ళే జువాలజీ చదువుతారని ఇంకో లెక్క. నేను ఎంసెట్ రాయనే లేదని, జువాలజీ కావాలని తీసుకున్నానని చెప్తే నమ్మిన పాపాన ఎవరూ పోలేదు. "పోన్లే అమ్మా, లాంగ్ టర్మ్ తీసుకో" అని ఓదార్చేవాళ్ళు. అడగని ఓదార్పు ఎంత మంట పుట్టిస్తుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

పురుగుల మీద నాకు పట్టుదల పుట్టింది పత్తి చేలో. మాది దూదేకే ఇల్లు. పేర్లు సాయిబుల పేర్లు, ఇంట్లో మాట్లాడేది తెలుగు, బతికేది దూది మీద. నాన్నకు గుంటూరులో పరుపుల కొట్టు ఉండేది. అమ్మ పుట్టిల్లు చిలకలూరిపేట దాటి ప్రకాశం జిల్లా వైపు వెళ్ళే దారిలో ఒక నల్లరేగడి ఊరు. అక్కడ అమ్మ తమ్ముడు, మా మామ, కొంత పత్తి, కొంత మిరప వేసేవాడు. నేను హైస్కూల్లో ఉండగా ఒక ఏడు పత్తికి పచ్చపురుగు పట్టింది. ఒక మందుకు చావకపోతే రెండు కలిపి కొట్టారు. రెండింటికీ చావకపోతే మూడోది కూడా కలిపారు. పురుగు చావలేదు, మనుషులు చచ్చారు. మామ ఊళ్ళో కూడా చచ్చారు, ఆ మందే తాగి.

ఎందుకు చావలేదని పెద్దవాళ్ళను అడిగితే "కలికాలం" అన్నారు. మందుల కొట్టు ఆయన్ను అడిగితే "డోసు చాల్లేదు" అన్నాడు. ఆ పురుగును తినే పురుగులు ముందే చచ్చిపోయాయి, అందుకని పచ్చపురుగుకు అడ్డు లేకుండా పోయింది, పైగా మందు దానికి అలవాటైపోయింది అని చెప్పిన మనిషి నాకు డిగ్రీకి వచ్చేదాకా దొరకలేదు. మా కాలేజీలో జువాలజీ చెప్పే మేడం. ఆ మాట విన్న రోజు నాకు విజ్ఞానం కలిగిన సంతోషమేమీ కలగలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇంత చిన్న సంగతి ఊరికి ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఎందుకు చెప్పలేదు?

ఆ మేడమే నాకు బోర్నియో దీవిలో నడిచే ఒక కోర్సు సంగతి చెప్పింది. వేడి దేశాల పిల్లల్ని ఏరి తీసుకువెళ్ళి, ఒక సెమిస్టరు పాటు అడవిలో ఉంచి, ఆ అడవిలో ఏం బతుకుతోందో చూసి రాసే పని నేర్పుతారట. ఖర్చంతా వాళ్ళదే. నేను రాశాను, వాళ్ళు రమ్మన్నారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. మా బంధువుల్లో చెన్నై విమానాశ్రయం చూసినవాళ్ళు కూడా లేరు.

ఇక మొదలైంది గోల. "పురుగుల్ని చూడ్డానికి విమానం ఎక్కాలా? మా చేలోకి రా, బస్తాలకు బస్తాలు చూపిస్తా" అని ఒకరు. "కొండను తవ్వి ఎలకను పట్టినట్టు, సముద్రం దాటి చీమను పడుతుందంట" అని ఇంకొకరు. ఆడపిల్లను అడవికి పంపుతావా అని నాన్నను నిలదీసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన కూతురికి ఎంసెట్‌లో ర్యాంకు రాలేదన్న దుగ్ధ అది. నేను తీసుకువెళ్ళాల్సిన సామాన్లలో చదరంగా కుట్టిన తెల్లగుడ్డ ఒకటి ఉండాలని చదివి చెప్తే, నాన్న దిండు గలీబులకు వాడే మంచి లాంగ్‌క్లాత్ తీసి, నాలుగు మూలలా కర్రలు దూర్చేలా మడత పెట్టి, పరుపు సూదితో గట్టిగా కుట్టిచ్చాడు. అమ్మ మాత్రం బస్సు ఎక్కేదాకా ఒకటే పాట. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్ది. అక్కడ ఎవరితోనూ పేచీ పెట్టుకోకు తల్లీ."

పెట్టుకున్నాను. చెప్తాను.

మిరప నాట్లు పడే రోజుల్లో వెళ్ళాను. గుంటూరు ఎండలో పుట్టి పెరిగినదాన్ని, ఆ వాన చూసి బెదిరిపోయాను. మన వానకు మొదలూ చివరా ఉంటాయి. అక్కడి వాన ఊరికే నడుస్తూ ఉంటుంది, మధ్యలో ఎప్పుడైనా ఊపిరి తీసుకుంటుంది. జలగలు మేజోళ్ళ మీదుగా పాకేవి. చెట్ల తల చూడాలంటే మెడ వెనక్కి విరుచుకోవాలి. అన్నం దొరికింది, కారం దొరికింది, కాబట్టి తిండికి నేను ఏడవలేదు. మిగతావాళ్ళు ఏడిచారు.

పని తేలిక. పొద ముందు నిలబడి, నాన్న కుట్టిన తెల్లగుడ్డను కర్రలతో పరిచి కొమ్మ కింద పట్టుకోవాలి. ఇంకో చేత్తో కొమ్మను కర్రతో గట్టిగా కొట్టాలి. కొమ్మలో దాక్కున్నవన్నీ జలజలా గుడ్డ మీద రాల్తాయి. అవి తేరుకుని పారిపోయేలోగా ఏవి ఎన్నో చూసి రాసుకోవాలి. మొదటి రోజు నా గుడ్డ మీద రాలినవాటిని చూసి నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఆకులా ఉన్న పురుగు, ముల్లులా ఉన్న పురుగు, పిట్టరెట్టలా కనపడి నడిచిన సాలీడు. పరుపుల కొట్టు గుడ్డ మీద అంత ప్రాణం! ఆ సంతోషం అబద్ధం కాదు. ఆ అడవిని నేను తిట్టను.

తిట్టాల్సింది మా ప్రొఫెసర్‌ని. ఆయన్ను తిట్టడానికి కూడా నాకు సగం నోరే వస్తుంది, ఎందుకంటే ఆ గుడ్డ పట్టుకోవడం, ఓపిగ్గా చూడ్డం, చూసింది చూసినట్టు రాయడం నేర్పింది ఆయనే. యూరప్ మనిషి, పొడుగ్గా, తలమీద నానిన టోపీతో తిరిగేవాడు. జీవితంలో సగం ఆ అడవికే ఇచ్చాడు. కానీ ఆయనకొక జబ్బు ఉంది. అడవి ఫోటో తీసేటప్పుడు మాకు వండిపెట్టే ఆవిడను, పడవ నడిపే ఆయన్ను చేత్తో పక్కకు జరగమనేవాడు. వాళ్ళు ఆ అడవిలోనే పుట్టినవాళ్ళు. ఆయన గోడమీద వేసి చూపించిన బొమ్మల్లో ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. ఇల్లుగలవాళ్ళను బయటికి పంపి ఇంటి ఫోటో తీసినట్టుంది నాకు.

ఒక సాయంత్రం భోజనాల ముందు వసారాలో కూర్చోబెట్టి, మీ మీ ఊళ్ళలో ఏముందో చెప్పండి అన్నాడు. ఒకమ్మాయి తన పగడపు దిబ్బల గురించి చెప్పింది. ఒకబ్బాయి ఏనుగుల గురించి చెప్పాడు. నా వంతు వచ్చింది. మాది పత్తి, మిరప పండే నేల, కనుచూపు మేర చేలే, ఆ మిరప మొక్కల్లో ఎవరు ఎవర్ని తింటారో చూడాలని నా కోరిక అన్నాను.

ఆయన నవ్వాడు. పెద్దగా కాదు, పళ్ళు కనపడకుండా.

"అది వ్యవసాయం. మనం చేసేది జీవశాస్త్రం. మీ నేల మీద ఇప్పుడు ఏమీ లేదు కదా. అందుకే కదా నువ్వు ఇక్కడికి వచ్చావు?"

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. అమ్మ మాట గంగలో కలిసిపోయింది. ఏమీ లేదా? మా మామ ఉన్నాడు, చేను ఉంది, ఆ చేలో అక్షింతల పురుగు ఉంది, సాలీడు ఉంది, తామర పురుగు ఉంది, వీటన్నిటికీ పైన మందుల కొట్టు ఉంది. ఇవన్నీ ఏమీ కాకుండా ఎలా పోయాయి? మనిషి అడుగుపెట్టగానే అక్కడి ప్రాణులన్నీ ప్రాణులు కాకుండా పోతాయా? నాకు వచ్చిన ఇంగ్లీషంతా వాడేశాను. చాలనిచోట తెలుగులో అరిచాను.

ఆయన శాంతంగా విన్నాడు. ఆ శాంతమే నన్ను ఇంకా మండించింది. చివరికి ఒక మాట అన్నాడు. కోర్సు అయ్యాక ఒకరిని ఏడాది పాటు తన దగ్గర ఉంచుకుని పరిశోధన చేయిస్తాడని మాకందరికీ తెలుసు. అందరం ఆ సీటు కోసమే చూస్తున్నాం. "మందు పడని మిరప మొక్కలు మీ ఊళ్ళో ఒక చోట చూపించు. మందు పడే చేను పక్కనే అది ఉండాలి. రెండు చోట్లా గుడ్డ పట్టి, తేడా రాసి పంపు. అప్పుడు నిన్ను పరిశీలిస్తాను. అసలు అలాంటి చోటు మీ దగ్గర లేదని నా నమ్మకం" అన్నాడు.

ఉంది అన్నాను. అప్పటికి లేదు.

వారానికోసారి జీపు పట్నం వెళ్ళేది. ఆ వారం నేనూ ఎక్కి, బూత్ నుంచి మామ ఊరికి ఫోను చేశాను. ఊళ్ళో కిరాణా కొట్టులో ఫోను ఉండేది. కొట్టాయన మామను పిలిపించాడు. విదేశం ఫోను కదా, గట్టిగా మాట్లాడితేనే వినపడుతుందని ఇద్దరి నమ్మకం. కాబట్టి మా సంభాషణ ఊరంతా విన్నది.

"మామా! బోరు దగ్గరి మూల ఒకటి వదిలెయ్. ఈ ఏడు దానికి మందు కొట్టొద్దు!"

"ఎందుకే? పురుగు పట్టుద్ది గదా!"

"పట్టాలనే! నా చదువు దాని మీదే ఉంది. సీటు దాని మీదే ఉంది."

"ఓసి నీ చదువు తగలెయ్య! సర్లే. నేను కొట్టను. మాటంటే మాటే."

మా మామ మాట మీద నిలబడే మనిషి. ఆ తర్వాత ఫోను చేసినప్పుడల్లా అడిగాను. "నేను మందు పంపు ముట్టుకోలేదే, ఒట్టు" అన్నాడు. ఊళ్ళో నవ్వుతున్నారని, మందు కొనలేక మేనకోడలి పేరు చెప్తున్నాడని అంటున్నారని అత్త సణుగుతోందన్నాడు. అయినా మూల వదిలేశానన్నాడు. నేను ప్రొఫెసర్ దగ్గరికి తల ఎత్తుకుని వెళ్ళి, మా చోటు సిద్ధంగా ఉందని చెప్పాను.

కాయ ఎరుపెక్కే వేళకు తిరిగి వచ్చాను. గుంటూరులో బస్సు దిగి ఒక్కరోజు కూడా ఆగలేదు. తెల్లగుడ్డ చంకన పెట్టుకుని మామ ఊరెళ్ళాను. చేను గట్టు మీద నడుస్తుండగానే ముక్కుకు ఏదో తగిలింది. మిరప చేల మధ్య పెరిగినవాళ్ళకు ఆ వాసన చెప్పక్కర్లేదు. పక్క చేలోదేమో అనుకున్నాను. బోరు దగ్గరి మూలకు పోయేకొద్దీ అది ఎక్కువైంది.

మూల పచ్చగా నిగనిగలాడుతోంది. ఆకు ముడత లేదు, పురుగు తిన్న కాయ లేదు. గుడ్డ పరిచి కొమ్మను కొట్టాను. రెండు పూరేకులు రాలాయి. ఇంకో మొక్కను కొట్టాను. ఎండుటాకు ఒకటి. మూల మొత్తం తిరిగాను. గుడ్డ నాన్న కొట్టులో ఉన్నప్పుడు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగా ఉంది.

పక్క చేను తాత వెనకనుంచి వచ్చి గుడ్డలోకి తొంగి చూశాడు. మాకు చుట్టం కాదు గానీ, అమ్మ ఊరు కాబట్టి నాకు తాతే. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశావా అమ్మాయ్! ఒక్క పురుగు లేదు. నువ్వు దేశంగాని దేశంలో ఉండి ఫోను జేశావంటే మేం ఊరుకుంటామా? మీ మామ వదిలేసినా మేం వదల్లేదు. అందరం తలా ఇంత కొట్టాం."

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక గుడ్డ కింద పడేశాను.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. డ్రమ్ములో మందు కలిపితే ఆ పూటే కొట్టెయ్యాలి, మర్నాటికి పనికిరాదు. తమ చేను అయిపోయాక పంపులో కాస్త మిగులుతుంది. దాన్ని పారబొయ్యరు. ఇరుగు చేలో ఎవరికి మందు పడలేదో వాళ్ళ మొక్కల మీద కొట్టేస్తారు. ఇంట్లో కూర మిగిలితే పక్కింటికి ఇచ్చినట్టు. అది మర్యాద. వద్దనడం అమర్యాద. చుట్టుపక్కల చేలన్నిటిలో మందు పడనిది మా మామ మూల ఒక్కటే. అంచేత ఎవరి పంపులో మిగిలినా అందరూ అక్కడికే నడిచారు. తాత మందు, ఆయన తమ్ముడి మందు, అవతలి గట్టు వాళ్ళ మందు, ఎవరి రకం వాళ్ళది. నేను మందు వద్దన్న ఆ మూల ఊరు మొత్తంలో ఎక్కువ మందు తాగిన మూల అయింది.

"ఎవరు కొట్టమన్నారు తాతా మిమ్మల్ని? నేను వద్దని చెప్పానా లేదా? పురుగులు కావాలనే గదా నేను వదలమంది! నా ఏడాది నాశనం చేశారు గదా!" అని గట్టు మీద నిలబడి అరిచాను. పక్క చేలల్లో కాయ కోస్తున్న ఆడవాళ్ళు నడుం ఎత్తి చూశారు.

తాత మొహం ముడుచుకుపోయింది. "మంచి జేస్తే మాట పడాల్సొచ్చింది. కలికాలం" అని గొణిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ అదే కలికాలం! ఈ ఊళ్ళో తమ చేత్తో చేసిన ప్రతి పనికీ పూచీ కలికాలానిదే.

మామ మీద పడ్డాను. ఆయన నులకమంచం మీద కూర్చుని నేల చూస్తూ చెప్పాడు. "నేను కొట్టనని మాటిచ్చా. నేను కొట్టలా. వాళ్ళు ప్రేమగా తెచ్చి కొడుతుంటే వద్దని ఎట్టా అంటానే? రేపు ఈ ఊళ్ళో బతకొద్దూ?"

"పురుగుల మీద చదువని చెప్పలేకపోయావా?"

"చెప్పా. నవ్వారు."

గుంటూరులో నవ్వారు, బోర్నియోలో నవ్వారు, ఇక్కడా నవ్వారు. కడుపు మండి ఆ రోజు అన్నం కూడా తినలేదు.

చూసింది చూసినట్టు రాయమన్నారు కదా, అలాగే రాశాను. గుడ్డ తెల్లగా ఉంది, ఎందుకుందో ఇది కారణం అని. బ్రాడీపేటలో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని పంపాను. ప్రొఫెసర్ నుంచి ఒక్క ముక్కలో జవాబు వచ్చింది: "నేను అనుకున్నదే." కింద ఇంకో రెండు ముక్కలు. ఈ ఏడు సీటు వేరేవాళ్ళకు ఇచ్చాడు. వచ్చే ఏటికి ఇంకొకటి ఉంది. నిజంగా మందు పడని చోటు చూపించగలిగితే రాయమన్నాడు.

నేను అనుకున్నదేనట! ఏమనుకున్నాడు? మా నేల గొడ్డుదని అనుకున్నాడు. అది గొడ్డుది కాదయ్యా, దాన్ని గొడ్డు చేశారు, ఆ రెండింటికీ తేడా తెలుసుకోవడానికే గదా ఇంత పాటు పడుతున్నది అని తెర మీద ఉన్న అక్షరాలను తిట్టాను. పక్క కంప్యూటర్‌లో ఎంసెట్ మోడల్ పేపర్లు చూసుకుంటున్న అబ్బాయి కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

డిగ్రీ అయిపోయింది. వచ్చే ఏటిదాకా ఏదో ఒకటి చెయ్యాలిగా. ఎక్కడ చేరాననుకున్నారు? బ్రాడీపేట కోచింగ్ సెంటర్లోనే. బైపీసీ పిల్లలకు జువాలజీ బిట్లు బట్టీ పట్టించే పని. నా మీద నాకే రోత పుట్టేది.

మళ్ళీ మిరప నాట్లు పడ్డాయి. ఒక ఆదివారం మామ ఊరు వెళ్తే, ఆయన నన్ను బోరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మూలలో ఒక వెదురు కర్ర పాతి ఉంది. దానికి పచ్చ గుడ్డ కట్టి ఉంది. కర్ర మొదట్లో ఊదొత్తుల పుల్లలు, కొబ్బరి చిప్ప.

"దర్గాకు మొక్కుకున్నానే. ఈ మూల మొక్కుబడి మూల. ఇక్కడ కాసింది దర్గా కందూరి విందుకే. మొక్కు తీరేదాకా దీని మీద మందు పడగూడదని ఊరందరికీ చెప్పా. ఒక్కడు ఎందుకని అడిగితే ఒట్టు."

ఊరి బయటి దర్గా అంటే అక్కడ హిందువులకూ, మాకూ, అందరికీ గురి. పిల్లకు జ్వరం వచ్చినా, గేదె తప్పిపోయినా అక్కడికే పోతారు.

"ఏమని మొక్కుకున్నావు?"

"మొక్కు బయటికి చెప్పగూడదు."

నాకు సంతోషం రావాలి. కోపం వచ్చింది. చదువు అని చెప్తే నవ్విన ఊరు, పచ్చ గుడ్డ చూసి చెప్పులు విప్పుతుందా? మూడేళ్ళు చదివి, సముద్రం దాటి నేర్చుకువచ్చిన మాటకు గజం గుడ్డపాటి విలువ లేదా? మామతో అదే అన్నాను. "నీకు సీటు కావాలా, గెలుపు కావాలా?" అన్నాడు. రెండూ కావాలన్నాను. "దురాశ" అన్నాడు.

కానీ మందు పడలేదు. ఆ ఏడంతా ఆదివారం వస్తే బస్సెక్కి వెళ్ళి గుడ్డ పట్టాను. మొదట్లో ఆకు రసం పీల్చే తామర పురుగు, పేనుబంక. ఆకులు ముడుచుకున్నాయి, అత్త నా వంక గుర్రుగా చూసింది. తర్వాత తర్వాత వాటిని తినే సాలీళ్ళు వచ్చాయి. అక్షింతల పురుగులు వచ్చాయి. గాజు రెక్కల పురుగు ఒకటి గుడ్డ మీద రాలి, తడబడి లేచి ఎగిరిపోయినప్పుడు నేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను. బోర్నియోలో పిట్టరెట్ట సాలీడును చూసినప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. తినేవి వచ్చాక తినబడేవి తగ్గాయి. కొత్త చిగుళ్ళు విచ్చుకున్నాయి. గట్టుకు ఇవతల మామ మందు కొట్టిన చేలో గుడ్డ తెల్లగా ఉంటే, అవతల జెండా కింద గుడ్డ మీద సంత జరుగుతోంది.

ఒకరోజు తాత తన చేను ముగించి, భుజాన పంపుతో మూల దగ్గరికి వచ్చాడు. పంపులో ఇంకా మందు ఉంది, అడుగేసినప్పుడల్లా లోపల కదులుతోంది. ఆయన గట్టు దగ్గరే చెప్పులు విప్పాడు. జెండాకు దణ్ణం పెట్టాడు. మిగిలిన మందు తీసుకెళ్ళి తన చేలోనే ఇంకోసారి కొట్టుకున్నాడు. తిరిగి వచ్చి నా గుడ్డలోకి తొంగి చూశాడు.

"ఎన్ని సాలీళ్ళు తల్లీ! మందు లేకుండానే పైరు నిలబడిందే. అంతా దర్గా బాబా మహిమ."

కాదు తాతా, సాలీడు మహిమ అని నోటి చివరిదాకా వచ్చింది. మామ నా మణికట్టు గట్టిగా నొక్కాడు. "నోరు మూసుకోవే" అన్నాడు పెదాలు కదపకుండా. మూసుకున్నాను. నా జీవితంలో అంత కష్టపడి చేసిన పని ఇంకోటి లేదు.

రెండు గుడ్డల లెక్కా రాసి పంపాను. ఈసారి ప్రొఫెసర్ జవాబు పొడుగ్గా వచ్చింది. మెచ్చుకున్నాడు. సీటు దాదాపు నీదే అన్నాడు. ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. చుట్టూ అంత మందు కొట్టే చోట ఈ మూల మీద పడకుండా ఎలా ఆపగలిగావు?

చూసింది చూసినట్టు రాశాను. పచ్చ జెండా, దర్గా మొక్కు, తాత చెప్పులు, అన్నీ.

ఆ వాక్యం తీసెయ్యమని జవాబు వచ్చింది. అది పద్ధతి అనిపించుకోదట. చదివినవాళ్ళు నవ్వుతారట. కంచె వేశాం అని రాస్తే సరిపోతుందట.

నవ్వుతారట! మళ్ళీ అదే మాట. ఉన్న కోపమంతా వేళ్ళలోకి వచ్చింది. మా ఊళ్ళో కంచె వేస్తే కంచె మీదుగా కొడతారు, మిగిలిన మందు మర్యాదకు కంచె అడ్డం కాదు అని రాశాను. కంచె లేదు, లేనిది ఉందని రాయడం మీరు నేర్పలేదు అని రాశాను. మీ అడవికి గేటూ కాపలాదారూ ఉన్నారు, అది పద్ధతి. మా మూలకు జెండా ఉంది, ఇది నవ్వులాటా? ఫోటోలోంచి వంటావిడను పక్కకు తోసినట్టు ఈ లెక్కలోంచి మా మామను తోసెయ్యమంటున్నారు, తొయ్యను అని రాశాను. తిరిగి చదవకుండా పంపేశాను.

కొన్నాళ్ళకు జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. నాకంటే తగిన మనిషి దొరికారట.

తర్వాతి ఆదివారం మామ ఊరు వెళ్ళాను. మిరప కోతలు ఆఖరయ్యాయి. మామ గట్టు మీద కూర్చుని పంపు తుడుస్తున్నాడు. సీటు పోయిందని చెప్పాను.

"ఎందుకు పోయిందే? సాలీళ్ళు చాల్లేదా?"

"చాలాయి. జెండా సంగతి రాశానని పోయింది. తీసెయ్యమన్నాడు. తియ్యనన్నాను."

ఏమైనా అంటాడేమో, తిడతాడేమో అనుకున్నాను. నా నోటి దురుసు గురించి అమ్మ చెప్పే మాటే చెప్తాడనుకున్నాను. తిట్లకు తిరుగు జవాబు కూడా సిద్ధం చేసుకునే వెళ్ళాను. ఆయన పంపు కింద పెట్టి, జెండా వంక తిరిగాడు.

"నేను మొక్కిందే నీ సీటు రావాలని కదే" అన్నాడు.

ఇన్నాళ్ళూ అది తాతను ఏమార్చడానికి ఆడిన నాటకం అనుకున్నాను. ఆయన నిజంగానే మొక్కుకున్నాడు. ప్రొఫెసర్ మీద, తాత మీద, ఊరి మీద, అందరి మీదా నాకు కోపం ఉంది. ఆ క్షణాన అది ఎవరి మీద చూపించాలో తెలియలేదు. లేచి వెళ్ళి జెండా కర్రను పీకబోయాను.

"ముట్టుకోమాకు!" అని మామ అరిచాడు. ఆయన నా మీద అరవడం నేను ఎరగను. దగ్గరికి వచ్చి, నేను కదిపిన కర్రను మళ్ళీ మట్టిలోకి గట్టిగా తొక్కాడు.

"మొక్కు తీరలేదు. తీరని మొక్కు తియ్యగూడదు. వచ్చే ఏడు గూడా ఈ మూల వదిలేస్తా. పో, మీ అత్త అన్నం పెట్టిద్ది, తిను."